పాత కంప్రెసర్‌లో ముందు చూడాల్సింది ట్యాంకు: నెల్లిమర్ల ఇంటి షెడ్డు కేసు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ‘రీకండిషన్’ పేరుతో అమ్మే పిస్టన్ కంప్రెసర్లు, అంటే గాలిని నొక్కి ట్యాంకులో నింపే మిషన్లు, నా చేతికి వచ్చినంతవరకు ఎక్కువగా మూడు చోట్ల నుంచి వస్తున్నాయి. రణస్థలం నుంచి పలాస దాకా 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న టైరు పంచర్ షాపులు ఒకటి. ఫ్యాక్టరీలు వేలంలో తీసేసే సామాను రెండోది. మూతపడిన చిన్న యూనిట్లు, అంటే జీడిపప్పు బట్టీలు, రైస్ మిల్లులు, లారీ బాడీ షెడ్లు మూడోది. వచ్చిన మిషన్‌కి గ్రీజు కడిగి, హెడ్డు గ్యాస్కెట్ మార్చి, కొత్త బెల్టు వేసి, నీలం రంగో ఆకుపచ్చ రంగో కొడతారు. పంపు బాగు చేసే మెకానిక్కులు మన దగ్గర మంచివాళ్లే ఉన్నారు. ట్యాంకు లోపల ఏముందో మాత్రం ఎవరూ చూడరు. కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు. మనిషి ప్రాణం మీదకు వచ్చేది మాత్రం ఆ ట్యాంకుతోనే. అందుకే ఈ కేసును లెక్కలతో సహా వివరంగా రాస్తున్నాను.

ఎవరికి, ఎందుకు

కొన్నది నెల్లిమర్లలో ఉంటున్న ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో టేకుతో పీటలు, పుస్తకాల అలమర్లు, చిన్న బల్లలు చేస్తారు. అమ్మకానికి కాదు, తెలిసినవాళ్లకి ఇస్తారు. బ్రష్షుతో పాలిష్ వేస్తే చారలు పడుతున్నాయని స్ప్రే గన్‌కి మారాలనుకున్నారు. దాంతోపాటు చిన్న మేకులు కొట్టే గన్ను, దుమ్ము ఊదే గన్ను, స్కూటర్ టైరుకి గాలి కావాలి. బడ్జెట్ వైరింగుతో కలిపి 30 వేలు. ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్ కనెక్షన్.

ఆయన మొదట అడిగింది ఇది: “మంచి 5 హెచ్‌పీ మిషన్ ఒకటి చూసి పెట్టు బాబూ, మళ్లీ మళ్లీ కొనే పని లేకుండా.”

“మాస్టారూ, హెచ్‌పీ సంగతి తర్వాత చూద్దాం. ఏ గన్ను ఎంతసేపు వాడతారో ముందు ఒక కాగితం మీద రాయండి” అన్నాను.

గాలి లెక్క

కంప్రెసర్ కొనేవాళ్లు హార్స్‌పవర్ అడుగుతారు. గన్నుకి కావాల్సింది మాత్రం నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి, అంటే సీఎఫ్‌ఎం. ఒక సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి సుమారు 28 లీటర్లు. కేటలాగులో తరచుగా పెద్ద అక్షరాలతో ఉండేది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్: సిలిండర్ల ఘనపరిమాణాన్ని వేగంతో గుణించగా వచ్చిన అంకె. ట్యాంకులోకి నిజంగా చేరే గాలి అంతకంటే బాగా తక్కువ. గాలిని ఒకే దఫాలో నొక్కే చిన్న సింగిల్ స్టేజ్ పంపు మంచి స్థితిలో ఉంటే అందులో 65 నుంచి 70 శాతం వస్తుంది. వాల్వులు అరిగితే సగానికి పడిపోతుంది.

మాస్టారు ఎంచుకున్న 1.4 మిల్లీమీటర్ల నాజిల్ గన్నుకి దాని కాగితం ప్రకారం 6 సీఎఫ్‌ఎం కావాలి. మేకుల గన్ను గాలిని పెద్దగా తినదు. ఊదే గన్ను చూడటానికి చిన్నదే అయినా గాలి బాగా తాగుతుంది, కానీ దాన్ని క్షణాల మీదే వాడతాం. గాలితో తిరిగే శాండర్ కూడా పెట్టుకుంటానన్నారు. దానికి 10 సీఎఫ్‌ఎం పైనే, అదీ ఆగకుండా కావాలి. ఆ ఒక్క పనిముట్టు కోసం మిషన్ రెట్టింపు పెద్దది కొనాలి. కరెంటు శాండర్ కొనుక్కోమని చెప్పి దాన్ని జాబితాలోంచి తీసేశాం. స్ప్రే చేసేటప్పుడు ట్రిగ్గర్ నొక్కి వదులుతూ ఉంటాం కాబట్టి నిజంగా 6 సీఎఫ్‌ఎం ఇచ్చే 2 హెచ్‌పీ పంపు, 160 లీటర్ల ట్యాంకు సరిపోతాయి. 5 హెచ్‌పీకి త్రీ ఫేజ్ కావాలి. 3 హెచ్‌పీ మోటారును ఇంటి సింగిల్ ఫేజ్ మీద స్టార్ట్ చేస్తే ఇంట్లో లైట్లు మసకబారతాయి. అలా 2 హెచ్‌పీ దగ్గర తేలింది.

మొదటి మిషన్

విజయనగరంలో ఒక అమ్మకందారు దగ్గర మెరిసే నీలం రంగులో 2 హెచ్‌పీ, 160 లీటర్ల మిషన్ ఉంది. 24 వేలు చెప్పాడు. మాస్టారికి చూడగానే నచ్చింది. స్విచ్ వేస్తే సాఫీగా నడిచింది. “కొత్తదానికేటి తీసిపోదు బావూ, పదేళ్లు చూసుకోనక్కర్లేదు” అన్నాడు అతను.

నేను ముందు ట్యాంకు మీద తయారీ ప్లేటు కోసం వెతికాను. లేదు. రివెట్లు ఉన్న చోట పుట్టీ పెట్టి రంగు కొట్టేశారు. ఆ ప్లేటు మీదే ఎంత ఒత్తిడికి చేశారు, ఎంత ఒత్తిడికి నీళ్లతో పరీక్షించారు, ఏ ఏడాది తయారైంది అన్నవి ఉంటాయి. అది లేకపోతే ట్యాంకు వయసే తెలియదు. తర్వాత ఒత్తిడి హద్దు దాటితే గాలిని బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వు చూశాను. దాని స్థానంలో ఇత్తడి ప్లగ్గు బిగించి ఉంది. “అది ఊరికే ఊదుతా ఉంటే తీసేసినాం” అన్నాడు. సేఫ్టీ వాల్వు ఊరికే ఊదదు. స్ప్రింగు పాడై ఉండాలి, లేదా ట్యాంకు నిండాక మోటారుని ఆపే ప్రెజర్ స్విచ్ ఆపాల్సిన చోట ఆపకుండా ఉండాలి. ఏదైనా సరే, దాన్ని మూసేసి మిషన్ నడపడం నేను ఎక్కడా ఒప్పుకోను.

ఆ తర్వాత కిందకి వంగి, ట్యాంకులో చేరిన నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్ తిప్పాను, తిరగలేదు. దాని పక్కనే అరచేయంత వెల్డింగ్ అతుకు ఉంది. మన తీరప్రాంతంలో ట్యాంకు అడుగున ఏం జరుగుతుందో ఇక్కడ చెప్పాలి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకి దాదాపు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని ఎనిమిదో వంతుకి నొక్కి చల్లబరిస్తే అందులో 20 గ్రాములు నీళ్లై కిందికి దిగుతాయి. 2 హెచ్‌పీ పంపు ఒక గంట ఆగకుండా నడిస్తే 200 మిల్లీలీటర్ల పైనే నీళ్లు. రోజూ వదలకపోతే ఆ నీళ్లు అడుగునే నిలబడి రేకుని లోపలి నుంచి తింటాయి. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది.

ట్యాంకు ఖాళీ చేయించి, అడుగున రంగు గీకి, అల్ట్రాసోనిక్ గేజ్ పెట్టాను. బయటి నుంచే రేకు మందం చెప్పే చిన్న పరికరం అది. రంగు గీకకుండా పెడితే మందం ఎక్కువ చూపించవచ్చు. పక్కల 3.9 మిల్లీమీటర్లు వచ్చింది. అడుగున అతుకు చుట్టూ 2.2, 1.9, ఒకచోట 1.8.

ఈ అంకెల అర్థం ఏమిటో అక్కడే మాస్టారికి కాగితం మీద చూపించాను. ట్యాంకు అడ్డకొలత 400 మిల్లీమీటర్లు. లోపలి ఒత్తిడి 10 బార్, అంటే షాపుల్లో 10 కేజీలు అనేది. మామూలు ఉక్కుకి చదరపు మిల్లీమీటరుకి 100 న్యూటన్ల దాకా భారం వేయొచ్చని, వెల్డింగ్ కీళ్లు 70 శాతమే నమ్మాలని లెక్కిస్తే, కావాల్సిన కనీస మందం దాదాపు 2.9 మిల్లీమీటర్లు. తుప్పుకి వదిలే అదనం ఇందులో లేదు. 1.8 ఉన్న చోట ఆ ట్యాంకు ఎప్పుడో తన హద్దు దాటేసింది. అతుకు వేసిన చోట రేకు మందంగానే ఉంటుంది. దాని చుట్టూ పల్చబడిన రేకు మీద వెల్డింగ్ వేడి తగిలి ఇంకా బలహీనం అవుతుంది.

“అతుకు వేశారుగా బాబూ, లీకేం లేదు కదా?” అని మాస్టారు అడిగారు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న, చాలామంది అడిగేదే. నీళ్ల ట్యాంకు చిల్లు పడితే కారుతుంది. గాలి ట్యాంకు అడుగు పొడవునా పల్చబడి ఉంటే కారకుండానే చీలిపోవచ్చు. 160 లీటర్ల ట్యాంకులో 7 బార్ గాలి ఉందంటే, అది ఒక్కసారిగా విడుదలైతే టన్ను బరువుని 14 మీటర్ల ఎత్తుకి లేపేంత శక్తి. అది మాస్టారి షెడ్డులో, ఆయన మోకాలి పక్కన ఉంటుంది. మిషన్ వద్దని చెప్పేశాం. పంపు, మోటారు విడిగా అమ్ముకోమని, ట్యాంకుని మాత్రం గ్యాస్ కట్టర్‌తో కోయించేయమని అమ్మకందారుని గట్టిగానే అడిగాను.

గేజ్ లేనివాళ్లు ఏం చేయాలని అడుగుతుంటారు. పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలకీ, ఫ్యాక్టరీలకీ ఈ పరీక్షలు చేసే మనుషులు తిరుగుతుంటారు, వాళ్లని అడగొచ్చు. ఫోనుకి తగిలించే సన్నటి కెమెరా కేబుల్ ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. డ్రెయిన్ ప్లగ్గు విప్పి దాన్ని లోపలికి పంపితే పొరలు పొరలుగా లేచిన తుప్పు కళ్లకి కనిపిస్తుంది. పల్చటి ఎర్ర తుప్పు పొడి ఏ పాత ట్యాంకులోనైనా ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు. గుంటలు, పెచ్చులు కనిపిస్తే వదిలేయాలి. సుత్తితో తట్టి శబ్దం వినడం కూడా పాత పద్ధతే, కానీ ఖాళీ ట్యాంకు మీద మాత్రమే తట్టాలి.

రెండో మిషన్

శ్రీకాకుళం దాటాక హైవే పక్కన మూసేసిన ఒక టైరు షాపులోది. రంగు వేయలేదు, నూనె మడ్డి పట్టి ఉంది, మాస్టారికి అస్సలు నచ్చలేదు. తయారీ ప్లేటు మాత్రం చెక్కుచెదరలేదు: 160 లీటర్లు, పని ఒత్తిడి 10 బార్, పరీక్ష ఒత్తిడి 15 బార్. రేకు పక్కల 4.1, అడుగున ఎక్కడ చూసినా 3.5కి తగ్గలేదు. షాపు నడిపిన ఆయన రోజూ రాత్రి నీళ్లు వదిలేవాడట. డ్రెయిన్ కాక్ పిడి అరిగి నున్నగా ఉండటం చూస్తే ఆ మాట నమ్మబుద్ధయింది.

అక్కడ నేను అడిగిన మరో ప్రశ్న, ఇది ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా అని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, మునిగిన మోటార్లు, పంపులు ఎండబెట్టి రంగేసి అమ్మకానికి రావడం చూశాను. మోటారు వెనక ఫ్యాను కవరు విప్పితే వరద బురద మూలల్లో ఇంకా ఉంటుంది. పంపు నూనె మూత విప్పితే లోపల గోడల మీద గీతలా మరక ఉంటుంది. ఈ మిషన్‌లో అవేవీ లేవు.

ఇక పంపు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, అవుట్‌లెట్ మూసి, సున్నా నుంచి 7 బార్ వచ్చేదాకా ఫోన్‌లో టైము చూశాం: 7 నిమిషాల 20 సెకన్లు. 160 లీటర్లని 7తో గుణిస్తే 1,120 లీటర్ల గాలి. దాన్ని 7.33 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 153 లీటర్లు, అంటే 5.4 సీఎఫ్‌ఎం. ట్యాంకులో గాలి వేడిగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి అసలు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. అయినా ఎవరైనా ఖర్చు లేకుండా చేసుకోగలిగిన పరీక్ష ఇది. పాత మిషన్ చూడటానికి వెళ్లేవాళ్లందరూ తప్పక చేయాలి.

రెండు సిలిండర్లు, బోరు (సిలిండర్ అడ్డకొలత) 65, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 800 చుట్లు. డిస్‌ప్లేస్‌మెంట్ 265 లీటర్లు వస్తుంది. 153 అంటే 58 శాతమే. ఎక్కడో గాలి వెనక్కి పోతోంది. చుట్లు లెక్కపెట్టే టాకోమీటరుతో వేగాన్ని కొలవడం ఎందుకంటే, కొందరు మోటారుకి పెద్ద పుల్లీ వేసి పంపుని ఎక్కువ వేగంతో తిప్పి, గాలి బాగా వస్తున్నట్టు చూపిస్తారు. అలా నడిస్తే హెడ్డు వేడెక్కి వాల్వులు తొందరగా పోతాయి.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. నడుస్తుండగా ఎయిర్ ఫిల్టర్ విప్పి చేయి అడ్డం పెడితే ఒక సిలిండర్ దగ్గర గాలి లోపలికి లాగుతూనే మధ్యమధ్యలో బయటికి ఉమ్ముతోంది. అది గాలిని లోపలికి తీసుకునే సక్షన్ వాల్వు లోపం. నూనె మూత దగ్గర పొగలా గాలి కొడితే రింగులు అరిగినట్టు, అది లేదు. ఊదే గన్నుకి ఎదురుగా తెల్ల కాగితం పట్టుకుంటే నూనె చుక్కలు పడలేదు. పాలిష్ పనికి ఈ కాగితం పరీక్ష చాలా ముఖ్యం. గాలిలో నూనె ఉంటే పాలిష్ మీద చేపకళ్లలాంటి గుంటలు పడతాయి, ఎన్ని పూతలు వేసినా పోవు.

7 బార్ దగ్గర ఆపినప్పుడు ప్రెజర్ స్విచ్ దగ్గర ఒక్కసారి ‘ఫుస్’ మని ఆగిపోవాలి. ఇది ఆగకుండా సన్నగా వదులుతూనే ఉంది. అమ్మే ఆయన “స్విచ్ పోయింది, మార్చుకోవాలి” అని తనంతట తనే చెప్పాడు. స్విచ్ బాగానే ఉంది. ట్యాంకు మీద ఉండే నాన్ రిటర్న్ వాల్వు సరిగా మూసుకోక, ట్యాంకు గాలి వెనక్కి వచ్చి స్విచ్ దారిలో పోతోంది. ఈ పొరపాటు వల్ల బాగున్న స్విచ్‌లు చాలా చోట్ల చెత్తలోకి పోతున్నాయి.

22 వేలు చెప్పింది 17 వేలకి కుదిరింది, నీళ్ల పరీక్షలో నెగ్గితేనే తీసుకుంటామన్న షరతు మీద. గేజ్, స్విచ్, సేఫ్టీ వాల్వు విప్పేసి, పైన గాలి ఏమాత్రం మిగలకుండా ట్యాంకు నిండా నీళ్లు నింపాం. ప్లంబర్లు పైపులైన్ పరీక్షకి వాడే చేతి పంపుతో 15 బార్‌కి తెచ్చి అరగంట ఉంచాం. చేతి పంపు గేజ్ ముల్లు కదల్లేదు, ఏ వెల్డు దగ్గరా చెమ్మ లేదు. ఈ పరీక్షని గాలితో ఎప్పుడూ చేయకూడదు. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి ట్యాంకు చీలినా కారి ఊరుకుంటుంది, గాలి అయితే పేలుతుంది. ఫ్యాక్టరీల్లో ప్రెజర్ ట్యాంకులకి గడువు ప్రకారం పరీక్షలు ఉండాలని చట్టమే చెబుతుంది. ఇంటి షెడ్డుని ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. కాబట్టి కొనేవాళ్లే చేయించుకోవాలి.

మార్చినవి, కరెంటు, ఖర్చు

వాల్వు సెట్టు, హెడ్డు గ్యాస్కెట్ మార్చాక మళ్లీ టైము చూస్తే సరిగ్గా 6 నిమిషాలు. నిమిషానికి 187 లీటర్లు, 6.6 సీఎఫ్‌ఎం, డిస్‌ప్లేస్‌మెంట్‌లో 70 శాతం. వీటికి 1,800 అయింది. సేఫ్టీ వాల్వు, నాన్ రిటర్న్ వాల్వు, డ్రెయిన్ వాల్వు, గేజ్ అన్నీ కొత్తవి, కలిపి 1,900. నూనె ఐఎస్‌ఓ వీజీ 100 కంప్రెసర్ ఆయిల్, 400. ఇంట్లో ఉన్న ఇంజిన్ ఆయిల్ పోద్దామని మాస్టారు అన్నారు, వద్దన్నాను. దానిలోని రసాయనాలు వేడి హెడ్డులో వాల్వుల మీద మసిగా పేరుకుంటాయి.

మోటారు ఒకసారి రీవైండింగ్ అయింది. వైండింగ్ ఇన్సులేషన్ చూసే మెగ్గర్ రీడింగ్ బాగుంది, కరెంటు ప్లేటు మీద రాసినంతే లాగుతోంది. అసలు సమస్య వైరుది. మీటరు నుంచి షెడ్డు 20 మీటర్లు, పాత వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది. స్టార్టింగ్‌లో ఈ మోటారు 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ వైరులోనే 24 వోల్టులు పోతాయి. సాయంత్రాలు వోల్టేజీ ఎలాగూ తక్కువే, దాని మీద ఇంకో 24 పోతే మోటారు మూలుగుతూ కాలిపోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే పోయేది 9 వోల్టులే. విడిగా ఎంసీబీ, మంచి ఎర్త్‌తో కలిపి 5,400 అయింది. ఇక్కడ పిసినారితనం చేయొద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాను. గాలిలో నీళ్లు వడకట్టి గన్నుకి ఒత్తిడి సరిచేసే ఫిల్టర్ రెగ్యులేటర్ 1,600, పరీక్ష, ఆటో ఖర్చులు 1,500. మొత్తం 29,600.

షెడ్డులో గాలి లైనుకి ఇంట్లో మిగిలిన పీవీసీ పైపు వాడొచ్చా అని కూడా అడిగారు. వాడకూడదు. గాలి ఒత్తిడికి అది పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. గన్ను దాకా మంచి రబ్బరు హోసు చాలు.

ఎలా నడుస్తోంది

స్విచ్‌ని 7 బార్ దగ్గర ఆగేలా, 5 దగ్గర మళ్లీ మొదలయ్యేలా పెట్టాం. సేఫ్టీ వాల్వు 8.5 దగ్గర తెరుచుకుంటుంది. ట్యాంకుని 10 బార్‌కి చేసినా ఆయన పనికి అంత అక్కర్లేదు. తక్కువ ఒత్తిడిలో పంపు గాలి ఎక్కువ ఇస్తుంది, కరెంటు కూడా ఆదా. అలమర తలుపుకి మెలమైన్ పాలిష్ కోటు వేసేటప్పుడు ముల్లు 5 కిందికి దిగడం లేదు, కోటు నున్నగా వస్తోంది. మాస్టారు పని అయ్యాక రోజూ నీళ్లు వదులుతున్నారు. శ్రావణంలో వదిలిన నీళ్లు చూసి ఇన్నెక్కడివని ఫోన్ చేశారు కూడా. నెలకోసారి సేఫ్టీ వాల్వు రింగు లాగి, అది తెరుచుకుంటోందో లేదో చూస్తున్నారు.

ట్యాంకు అడుగున అయిదు చోట్ల పెయింట్ మార్కర్‌తో గుర్తులు పెట్టి, ఆ మందాలను షెడ్డు గోడ మీద రాశాం. ఏడాదికోసారి అవే గుర్తుల దగ్గర మళ్లీ కొలుస్తాను. ఏ ఒక్కచోట 3 మిల్లీమీటర్లకి దిగినా ట్యాంకు తీసేసి కొత్తది వేయాలి, పంపు, మోటారు అవే ఉంచుకోవచ్చు. మాస్టారు ఒప్పుకున్నారు, ఆ మాట కూడా అంకెల కింద ఆయన చేత్తోనే రాశారు.